దండోరా నుండి సెల్‌ఫోను వఱకు: సంఘ సందేశములు, వాహకుల నియమములు



నేడు తమకు విన్నవింపబోవు విషయము పైకి చూచుటకు మిక్కిలి చిన్నది. మన గోదావరి మండలములలోని ఒక క్రైస్తవ సంఘము తన సభ్యుల కందఱకును ఒక్కమాఱుగా సెల్‌ఫోను మూలమున నాలుగు మాటలు పంపదలచిన యెడల, ఆ మాటలను మోయు కంపెనీలు ఎట్టి నియమములను విధించుచున్నవి, ఆ నియమము లెట్లు మారుచు వచ్చినవి అనునదియే నా ప్రసంగ విషయము.

“రేపటి యారాధన యేడు గంటలకు గాక యెనిమిది గంటలకు”, “ఫలానావారి తండ్రిగారు ప్రభువునందు నిద్రించిరి, భూస్థాపన సాయంకాలము నాలుగు గంటలకు” — ఇంతేకదా ఆ వార్తలు, చేరకున్న నేమి యని కొంద ఱనవచ్చును. చావు కబురు వేళకు చేరనందున కడచూపునకు నోచుకొనలేకపోయినవాడు బ్రతికినన్నాళ్లు ఎట్లు కుందునో పల్లెలో పెరిగిన తమకు నేను చెప్పవలసిన పని లేదు. మఱియొక వైపున, అదే ఫోనులోనికి లాటరీ తగిలినదనియు, బ్యాంకు ఖాతా నిలిచిపోవుచున్నదనియు దొంగమాటలు వచ్చి వృద్ధుల కష్టార్జితమును హరించుచున్నవి. నిజమైన కబురు చేరవలెను, దొంగ కబురు ఆగవలెను. రెండును ఒకే దారిని వచ్చుచుండగా కాపలావాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న నేటిది కాదు. దీని వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు.

పూర్వము మన గ్రామములలో పదిమందికి తెలియవలసిన మాట దండోరాచే తెలియుచుండెను. టముకు వాయించువాడు రచ్చ యొద్దను, వీధి మొగలను నిలిచి చాటుచుండెను. ఊరి యధికారులు చెప్పనిదే టముకు మ్రోగదు. చాటువాని ముఖము ఊరెల్ల యెఱుగును. ఏ మాట యెవ్వరు చెప్పించిరో వినువారికి సందేహముండదు. అనగా పలుకువాడెవడు, పలికిన దేమి, పలుకుట కనుమతి యెవ్వరిచ్చిరి అను మూడు ప్రశ్నలకును టముకు మ్రోతలోనే సమాధానము కలదు. ఈ మూడు ప్రశ్నలను తాము మనసున నుంచుకొనిన, పిమ్మట వచ్చిన చట్టము లన్నియు సులువుగా బోధపడును.

ఇక క్రైస్తవ సంఘములు మన డెల్టాలోనికి వచ్చిన విధము చూతము. 1836 వ సంవత్సరమున ఆంథొనీ నోరిస్‌ గ్రోవ్స్‌ వెంట ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్‌, జార్జి బీర్‌ అను మిషనరీలు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో నాటిన సంఘమే పిమ్మట గోదావరి డెల్టా మిషన్‌ అను పేర ప్రసిద్ధమైనది. 1845 లో ఉత్తర జర్మనీ మిషనరీ సంఘమువారు రాజమహేంద్రవరమున పని ప్రారంభించిరి. కొలది యేండ్లకే అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చెను. 1927 లో ఆంధ్ర ఇవాంజెలికల్‌ లూథరన్‌ సంఘము ఏర్పడినది. కాకినాడలో కెనడా బాప్టిస్టుల పని 1874 లో మెక్‌లారిన్‌ దొర రాకతో మొదలయ్యెను. ఆయనకు ముందే ఆ చోట సంఘమును కూడగట్టిన తోమాసు గాబ్రియేలు తెలుగువాడు, తంతి శాఖలో ఉద్యోగము చేసినవాడు. తీగపై వార్తలు నడిపించు కొలువును విడిచి, నోటితో వార్త చెప్పు పనికి పూనుకొనెను.

1852 లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన పిదప బోధకులు పడవలపై ఊరూర తిరుగుటకు వీలు కలిగినది. ఐనను దినదినమును సంఘమును పిలిచినది గంటయే. ఆరాధనకు ఒక తీరునను, మరణమునకు మఱియొక తీరునను గంట కొట్టుట వాడుక. చావు గంట విన్న రైతు చేనిలో పని నిలిపి, ఎవరింట నని అడుగుచుండెను. గంటకు లైసెన్సు లేదు, రుసుము లేదు. కాని దాని మ్రోత ఊరి పొలిమేర దాటదు. లంకలోనున్న చుట్టమునకు, పొరుగూరిలోనున్న కుమార్తెకు కబురు పోవలెనన్న మనిషి నడవవలెను, రేవులో పడవ దొరకవలెను.

ఊరు దాటి మాట పోవుటకు తపాలా వచ్చినది. 1854 లో దేశమంతటికిని ఒకే వెల గల అర్ధణా తపాలా బిళ్ల వెలసినది. 1879 లో కానీ వెలకు కార్డు వచ్చి బీదవాని చేతికి గూడ ఉత్తరము నందించినది. ఇక్కడినుండియే “వాహకుని నియమము” అను మాట పుట్టినదనవచ్చును. ఎంత బరువు, ఎంత వెల, ఏ తీరున మడవవలెను, ఏమి పంపరాదు అను నిబంధనలను తపాలావారు ఏర్పఱచిరి. 1867 నాటి ముద్రణ చట్టము మఱియొక నిబంధన చేర్చినది: అచ్చువేసిన ప్రతి కాగితముపై ముద్రాపకుని పేరును ముద్రించిన చోటును ఉండవలెను. క్రైస్తవ మిషన్లు పంచిన కరపత్రములకును, దేవాలయ కమిటీలు పంచిన ఆహ్వానములకును ఆ చట్టమే వర్తించినది. తన పేరు చెప్పనివాని కాగితము ఊరిలో తిరుగరాదని దాని భావము.

తంతి మఱింత బిగువైన వాహకము. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము తీగలపై సర్వాధికారమును ప్రభుత్వమునకు దఖలుపఱచినది. ప్రజాక్షేమము కొఱకు వార్తను ఆపుటకును, చూచుటకును ఆ చట్టమున వీలుండెను. తంతిలో మాటకింత యని వెల. కావున జనులు మాటలను పొదుపు చేయ నేర్చిరి. తంతి శాఖవారు పండుగ శుభాకాంక్షలకై కొన్ని వాక్యములను ముందే సిద్ధపఱచి, ఒక్కొక్క దానికి ఒక్కొక సంఖ్య నిచ్చియుండిరి. దీపావళికి, ఈదుకు, క్రిస్మసుకు, వివాహమునకు తగిన వాక్యము లందుండెను. పంపువాడు సంఖ్య చెప్పిన చాలును, అందుకొనువానికి వాక్యము చేరును. ఈ ముక్కను తాము మఱువవలదు, ముందు దీని యవసరము వచ్చును. 2013 జూలై నెలతో మన దేశమున తంతి వార్తలు ముగిసినవి.

ఇంతలో లౌడుస్పీకరు వచ్చి గుడికిని మసీదునకును చర్చికిని గొంతు పెంచినది. దానితో నాలుగవ ప్రశ్న పుట్టినది: విననొల్లనివాని మాట యేమి? మద్రాసు నగరములోని ఒక చర్చిపై ఇరుగుపొరుగువారు తెచ్చిన వ్యాజ్యెమున 2000 వ సంవత్సరము ఆగస్టులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, ఇతరుల శాంతిని భంగపఱచి ప్రార్థింపుమని యే మతమును విధింపలేదని స్పష్టపఱచినది. ఆ సంవత్సరముననే వచ్చిన శబ్ద కాలుష్య నియమములు రాత్రి పది గంటల నుండి ఉదయము ఆఱు గంటల వఱకు లౌడుస్పీకరును సామాన్యముగా నిషేధించినవి. పలుకువాని హక్కుతోపాటు విననొల్లనివాని హక్కును చట్టము గుర్తించినది.

పెద్దలారా! ఇక సెల్‌ఫోను కాలమునకు వత్తము. ఫోనులో చిన్న సందేశము పంపుట పైసలలో పనియైన పిదప వ్యాపారులు దానిపై విరుచుకుపడిరి. ఇంటి స్థలములు, అప్పులు, మందులు, చదువులు — ఒకటేమి, పగలు రేయి యనక సందేశములు కురిసినవి. టెలికాము నియంత్రణ సంస్థ యగు ట్రాయ్‌ 2007 లో “నన్ను పిలువవలదు” అనువారి పట్టిక నొకదానిని పెట్టించినది. అది చాలనందున 2010 డిసెంబరులో గట్టి నిబంధనలు చేసి, 2011 సెప్టెంబరు 27 నుండి అమలు జరిపినది. వాటి ప్రకారము రాత్రి తొమ్మిది మొదలు ఉదయము తొమ్మిది వఱకు వ్యాపార సందేశములు పోరాదు. అంతేకాదు, సామాన్యుడు సైతము ఒక సిమ్ము నుండి దినమునకు నూఱు సందేశములకు మించి పంపరాదు. ఆ నవంబరులో దానిని రెండువందలకు పెంచిరి.

ఈ హద్దు వ్యాపారిని కట్టుటకే వచ్చినది, కాని సంఘమునకు గూడ తగిలినది. మూడువందల గడపలు గల సంఘమునకు కాపరి తన ఫోను నుండి ఒక దినముననే క్రిస్మసు కబురు పంపజాలడు. 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు, వ్యాపారేతరమైన సందేశములకు హద్దు పెట్టుట వాక్స్వాతంత్ర్యమునకు భంగమని ఆ నియమమును కొట్టివేసెను. అంతట ట్రాయ్‌ ఆ నవంబరుననే దారి మార్చి, చౌక పథకములలో దినమునకు నూఱు దాటిన ప్రతి సందేశమునకును అర్ధరూపాయి తగ్గకుండ వసూలు చేయుడని విధించెను. ఆ వెల 2020 జూన్‌ వఱకు నిలిచి పిమ్మట తొలగినది.

2018 జూలై 19 న మఱియొక నిబంధనావళి వచ్చినది. నేటి కట్టుబాట్లకు మూలమిదియే. దీని పద్ధతిని మన కరణీకపు భాషలో చెప్పెదను. ఒకే లెక్కను పలువురు కరణములు తమతమ దప్తరములలో వ్రాసికొని, ఒకరు గుట్టుగా దిద్దిన తక్కినవారికి వెంటనే తెలియునట్లు ఏర్పాటు చేసిరనుకొనుడు. ఫోను కంపెనీల నడుమ అట్టి ఉమ్మడి దప్తరము డి.ఎల్‌.టి. అను పేర వెలసినది. గుంపుగా సందేశములు పంపదలచిన సంస్థ మొదట ఆ దప్తరములో తన పేరు వ్రాయించుకొనవలెను. పిదప హెడరు అను శిరోనామమును పొందవలెను. అటు పిమ్మట పంపబోవు వాక్యమును ముందుగనే టెంప్లేటు, అనగా మూసగా చూపి అనుమతి గొనవలెను. తేదీ, గంట, పేరు వంటి వాటికి మాత్రము మూసలో ఖాళీలు విడువవచ్చును. తక్కిన అక్షరము మారెనా, సందేశము దారిలోనే ఆగును.

చూచితిరా! హెడరు ముద్రాపకుని పేరు వంటిది, మూస తంతి శాఖవారి సంఖ్యావాక్యము వంటిది. భేద మొక్కటే: ఆనాడు సంఖ్యావాక్యము పంపువాని సౌకర్యమునకు, ఈనాడు మూస వినువాని రక్షణకు.

ఈ మూసల పరీక్ష 2021 మార్చి 8 న ఒక్కసారిగా అమలులోనికి వచ్చినంతనే దేశమంతటను బ్యాంకుల రహస్యసంఖ్యలు, టీకాల నమోదు సందేశములు సైతము ఆగిపోయినవి. మఱునాడే ట్రాయ్‌ ఏడు దినములు పరీక్షను నిలుపవలసి వచ్చినది. పిదప సంస్థలకు పెట్టిన గడువు ఆ మార్చి నెలాఖరు. 2021 లో గుడ్‌ ఫ్రైడే ఏప్రిల్‌ 2 న పడినది. అంతకు ముందటి యేడు, అనగా 2020 ఏప్రిల్‌ 12 నాటి ఈస్టరును, మహమ్మారి కారణమున చర్చి తలుపులు మూసి ఇండ్లలోనే జరుపుకొనిరి. ఆనాడు సంఘమునకు మిగిలిన గంట ఫోనే. ఆ ఫోను దారిపై కొత్త తాళము, మరుసటి యేటి శ్రమల వారముననే పడినది.

2024 అక్టోబరు నుండి, ముందుగా నమోదు చేయని లింకు గల సందేశము పోదు. ఆ డిసెంబరు నుండి సందేశము మొదట ఎవ్వరినుండి బయలుదేరి ఎవ్వరెవ్వరి చేతులు మారినదో ఆనవాలు దొరకవలెను. 2025 ఫిబ్రవరి 12 నాటి సవరణచే శిరోనామము చివర ఒక ఆంగ్లాక్షరము చేరినది: ప్రచారమునకు పి, సేవకు ఎస్‌, లావాదేవీకి టి, ప్రభుత్వమునకు జి. తాము ఫోను తెఱచినపుడు ఈ తోకయక్షరమును చూచుట అలవాటు చేసికొనవలెను. అనుమతి లేని సందేశముపై ఫిర్యాదు చేయుటకు ఏడు దినముల గడువు కలదు, 1909 అను సంఖ్యకు తెలుపవచ్చును. నమోదు లేక గుంపు సందేశములు పంపు నంబరుపై పది దినములలో ఐదు ఫిర్యాదులు వచ్చిన చాలును, కంపెనీ దానిపై చర్య తీసికొనును.

ఇప్పుడు ఒక చిన్న సంఘము స్థితిని ఆలోచింపుడు. పెద్ద సమాఖ్యలకు చేరిన సంఘములకు రిజిస్ట్రేషను పత్రము, పాన్‌ సంఖ్య మొదలగునవి పైవారి యొద్ద నుండును. కాలువగట్టున తాటాకుల పాకలో మొదలై నేడు రేకుల కప్పు క్రిందకు వచ్చిన స్వతంత్ర ప్రార్థన మందిరమునకు అట్టి కాగితములు తఱచుగా నుండవు. చట్టము నిషేధింపకున్నను, కాగితము లేమి వాని నోరు కట్టుచున్నది. పోనిండు, వ్యాపారుల జాబితాలో వానికి చోటున్నదా? వినియోగదారుడు వలదనుటకో వలెననుటకో చట్టము ఎనిమిది తరగతులను చూపినది: బ్యాంకులు, స్థలములు, విద్య, ఆరోగ్యము, వస్తువులు వాహనములు, వినోదము సమాచారము, పర్యటనలు, ఆహార పానీయములు. అందు ప్రార్థన లేదు. చట్టము వ్రాసినవారి కన్నులయెదుట ఉన్నవాడు అంగడివాడే కాని, గంట కొట్టువాడు కాడు.

మూసలోని కష్టము మఱియొకటి. పెండ్లి, పండుగ, ఉజ్జీవ కూటములు ముందుగా తెలిసినవే. వాటికి మూస చేయించుకొనవచ్చును. ఉన్నట్టుండి గోదావరికి వరద వచ్చి, మందిరములో తలదాచుకొన రండని పిలువవలసి వచ్చిన, ఆ వాక్యమునకు మూస యేది? 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపానును చూచినవారికి ఈ ప్రశ్న ఊహ కాదు. దూరదృష్టి గల సంఘ పెద్ద ముందుగనే ఆపత్కాలపు మూసను, మరణవార్త మూసను సిద్ధపఱచి యుంచును.

భాషను గూర్చియు ఒక మాట చెప్పకతప్పదు. ఆంగ్లాక్షరములలో ఒక సందేశమునకు నూటయఱువది అక్షరముల చోటు కలదు. తెలుగులో వ్రాసితిరా, డెబ్బదియే. అదియును మన లెక్క కాదు, యంత్రపు లెక్క. “ప్రార్థన” అను మాటను మనము మూడక్షరములందుము. యంత్రము హల్లును, వత్తును, గుణింతమును విడదీసి యెనిమిదిగా లెక్కించును. అందుచే తెలుగు కబురు రెండు మూడు సందేశములై వెల పెరుగును. ఖర్చునకు వెఱచి తెలుగును ఆంగ్లాక్షరములలో వ్రాసి పంపినచో, మన వృద్ధులకు అది చదువరాదు. ఎవ్వరికి కబురు కావలెనో వారికే అది అందకపోవును.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. అమెరికాలో స్వయంచాలక పిలుపులకు వినువాని సమ్మతి యుండవలెనని 1991 లోనే చట్టము చేసిరి. 2021 నుండి అచ్చటి ఫోను కంపెనీలు పదియంకెల నంబరు నుండి గుంపు సందేశములు పంపు సంస్థలను నమోదు చేసికొమ్మనుచు, ఎందుకు పంపుచున్నారో ముందే చెప్పుడనుచు వచ్చినవి. 2023 నాటికి నమోదు కాని సందేశములను ఆపివేయసాగిరి. ధర్మసంస్థలును చర్చిలును ఆ వరుసలో నిలువవలసినదే. అచ్చట స్థిరపడి ఆదివారము తెలుగులో పాడుకొనుచున్న మనవారి సంఘములును ఇందుకు మినహాయింపు కాదు.

ఈ బాధ లెందుకని పలు సంఘములు వాట్సాప్‌ నాశ్రయించినవి. అచ్చటను వాహకుని నియమము లేకపోలేదు. వదంతుల మూలమున ప్రాణములు పోయిన పిదప 2018 జూలైలో మన దేశమున ఒక సందేశమును ఒక్కసారి ఐదింటికి మించి పంపరాదని ఆ కంపెనీ హద్దు పెట్టెను. 2020 ఏప్రిల్‌ నుండి పలుమాఱులు చేతులు మారిన సందేశమును ఒకసారి ఒక్కచోటికే పంపవలెను. ఒకే జాబితా మూలమున పలువురికి పంపు వార్త, పంపువాని నంబరును తన ఫోనులో వ్రాసికొన్నవానికే చేరును. మంచి నియమమే. కాని మీట ఫోను తప్ప మఱియొకటి యెఱుగని ముదుసలికి వాట్సాప్‌ లేదు.

కావున నా యభిప్రాయము నిది యని తమ ముందుంచెదను. చట్టము అడుగు ప్రశ్నలు న్యాయమైనవే. పలుకువాడు తన పేరు చెప్పవలెను, చెప్పిన మాటకు బాధ్యుడు కావలెను, విననొల్లనివానిని విడువవలెను. సువార్త యైనను, హరికథ యైనను ఈ మర్యాదకు లోబడవలసినదే. ఐతే కోటీశ్వరుడగు అంగడివానికిని నలువది గడపల సంఘమునకును ఒకే గుమ్మము పెట్టుట న్యాయము కాదు. గ్రామ ప్రార్థన మందిరము, దేవాలయ కమిటీ, మసీదు కమిటీ, నీటి సంఘము, ఇట్టివి తమ సభ్యులకే పంపు వార్తలకు తేలికైన నమోదు, తెలుగులోనే దరఖాస్తు, మరణమునకును ఆపదకును ముందే ఆమోదించిన తెలుగు మూసలు ఉండవలెను. తంతి శాఖవారు పండుగలకు చేసిపెట్టిన యుపకారమును నేటివారు చావునకు, వరదకు చేయజాలరా?

అంతవఱకు సంఘ పెద్దలు చేయదగిన పనులు కొన్ని కలవు. పై సమాఖ్య యున్నచో దాని పేరనే నమోదు కండు. సభ్యుని సమ్మతి గొనియే నంబరు వ్రాయుడు. వలదన్నవాని పేరు ఆనాడే కొట్టివేయుడు. సందేశములో డబ్బడుగవలదు, లింకులు చేర్చవలదు. మీ పేర దొంగ యెవడైన డబ్బడిగిన, అది మీది కాదని సభ్యుడు తడుముకొనక చెప్పగలుగును. ఫోను లేని గడపలు ఏవో ఒక కాగితముపై వ్రాసి, ఒక్కొక్క వీధికి ఒక్కొక్క యువకుని నియమింపుడు. కబురు వచ్చినపుడు అతడు వెళ్లి తలుపు తట్టవలెను. గంట త్రాడు చివికియున్నచో మార్పింపుడు. దానికి హెడరు అక్కఱలేదు.